సూదిమొన బెజ్జము – ఎలియాస్ హౌ జీవితము

సికిందరాబాదు రైలుస్టేషనుకు అనతిదూరమున రెజిమెంటల్ బజారు అను పేట కలదు. దాని పుట్టుకను దాని పేరే చెప్పుచున్నది. 1798లో నిజాము ప్రభువునకును ఈస్టిండియా కంపెనీకిని జరిగిన ఒడంబడిక ననుసరించి ఆంగ్ల సైన్యము హైదరాబాదు చెంత విడిసెను. 1806లో ఆ దండు విడిసిన చోటికి మూడవ నిజామగు సికిందర్ జా పేరు వచ్చెను. నేటికిని పెద్దలు ఈ యూరిని లష్కరని పిలుచుట కలదు. దండున్నచోట బజారు వెలయును. బజారు వెలసినచోట దర్జీ చేరును. సిపాయి చొక్కా చిరుగక మానదు, దొర కోటు వదులుగాక మానదు గదా!

ఈ పేటకు నేను ఒక వేసవిలో ఒక పనిమీద పోయితిని. మా తల్లిగారు వాడిన కుట్టుమిషను పాతికేండ్లుగా మా యింటి అటకపై పడియుండెను. అది చేతితో త్రిప్పునది. నల్లని మేను, దానిపై బంగారువన్నె చిత్రములు, నడుమ సింగరను పేరు. ఆమె దానితో మా అన్నదమ్ముల చొక్కాలే గాక ఇరుగుపొరుగువారి రవికెలును కుట్టి, ఆ డబ్బుతో మాకు పాఠ్యపుస్తకములు కొనిపెట్టెను. అటకపైనుండి దింపి చూడగా చక్రము బిగిసిపోయి యుండెను. పాతసామానుల వర్తకుడొకడు దానికి ఇనుపతూకపు ధర కట్టెను. ఇనుపకాళ్ళుగల మిషనైనచో ఆ కాళ్ళను భోజనపుబల్లకు వాడుకొనువారు కొందురనియు, దీనికి ఆ కాళ్ళును లేవనియు అతడు విచారపడెను. నాకు మనసొప్పలేదు. తుదకు ఎవరో చెప్పగా రెజిమెంటల్ బజారులోని యొక ముదుసలి మిస్త్రీ వద్దకు దానిని చేర్చితిని.

బిగిసిన చక్రమును బలిమితో త్రిప్పుటకు ఆ మిస్త్రీ పూనుకొనలేదు. లోపలి నూనె యెండి జిగురువలె గట్టిపడినప్పుడు బలిమి చూపినచో విఱుగుటయే గాని తిరుగుట యుండదని ఆయన చెప్పెను. నూనెపోయు రంధ్రములన్నిటిలో చుక్కచుక్కగా కిరసనాయిలు విడిచి, వారము దినములు తాకకుండ నుంచుమని చెప్పి నన్ను పంపివేసెను. మఱల పోయినప్పుడు సూది క్రిందనున్న పలకను విప్పి, ఏండ్లతరబడి అడుగున పేరుకొని అట్టవలె గట్టిపడిన దూదిపీచును పుల్లతో పెఱికి తీయుచుండెను. బంగారువన్నె చిత్రములపై మాత్రము కిరసనాయిలు పడనీయక, మిషను నూనెలో తడిపిన మెత్తని గుడ్డతో తుడిచెను.

అప్పుడాయన నా ముందు రెండు సూదులుంచెను. ఒకటి ఇంటిలో చేతితో కుట్టుకొను సూది. రెండవది మిషను సూది. ఈ రెంటికి భేదమేమని నన్నడిగెను. ముప్పదియేండ్లుగా కళాశాలలో పాఠములు చెప్పుచున్న నేను తడబడితిని. చేతిసూదికి బెజ్జము తలవైపు ఉన్నది. మిషను సూదికి మొన దగ్గఱ ఉన్నది. ఇంతయే భేదము. కాని ఈ యించుక భేదము లేనిదే కుట్టుమిషను లేదని ఆయన చెప్పెను. బాల్యమునుండి చూచుచున్న వస్తువును నేనెన్నడును చూడలేదని నాకప్పుడు తెలిసెను. ఆ బెజ్జమును తలనుండి మొనకు దింపినవాడెవడు? మిషనుపై వ్రాసియున్న సింగరా?

మనలో పెక్కుమంది అట్లే తలంతురు. మహాత్ముడంతటివాడును అట్లే తలంచెను. 1924లో యంత్రములనుగూర్చి తన్ను ప్రశ్నించిన విద్యార్థికి బదులు చెప్పుచు, తాను యంత్రములన్నిటిని నిరసింపననియు, కుట్టుమిషను మానవునకు మేలుచేసిన కొలది వస్తువులలో నొకటియనియు ఆయన వివరించెను. భార్య కుట్టుపనితో అలసిపోవుట చూచి, ఆమెపై ప్రేమచేత సింగరు ఈ యంత్రమును కల్పించెనని కూడ చెప్పెను. కథలోని సారము నిజమే. కాని ఆ కథ సింగరుది కాదు. దీపపు వెలుగున కూలికి బట్టలు కుట్టుచున్న భార్యను మంచముపైనుండి చూచుచు కుమిలినవాడు మఱియొకడు. ఆతని పేరు ఎలియాస్ హౌ. ఆతని చరిత్రమే యిది.

ఎలియాస్ హౌ 1819 జూలై 9వ తేదీన అమెరికా దేశమున, మాసచూసెట్స్ రాష్ట్రములోని స్పెన్సర్ గ్రామమున జన్మించెను. తండ్రి పేరును ఎలియాసే. ఆయన సేద్యము చేయుచు పిండిమర, రంపపుమర నడుపుకొను సామాన్య సంసారి. ఎనమండుగురు సంతానము. పంటయు మరయు కలిసియు ఇల్లు గడచుటకు చాలకుండెను. ఆఱవ యేటనే పిల్లవాడు పనికి కూర్చుండెను. దూదిని ఏకు దువ్వెనలకొఱకు తోలుపట్టెడలలో ఇనుపతీగ పండ్లను గ్రుచ్చుట ఆతని తొలి వృత్తి. పుట్టుకతోనే ఆతని కాలొకటి కుంటిది. పండ్రెండేండ్లు నిండకముందే పొరుగు రైతు కడ పాలేరుగా ఉంచిరి గాని, కుంటికాలితో పొలముపని సాగక ఏడాదికే ఇల్లు చేరెను. చలికాలములందు మాత్రము బడికి పోయెడివాడు. ఆతని నిజమైన బడి తండ్రి నడుపు మరయే.

1835లో, పదునాఱవ యేట, లోవెల్ పట్టణమునకు పోయి నేతయంత్రములు చేయు కర్మాగారమున చేరెను. 1837లో అమెరికాలో పెద్ద ఆర్థికసంక్షోభము వచ్చి ఆ కర్మాగారము మూతపడెను. హౌ కేంబ్రిడ్జికిని, అచ్చటినుండి బోస్టనుకును పోయి, ఆరి డేవిస్ అను పనిముట్ల తయారీదారు వద్ద కొలువు సంపాదించెను. ఓడలవారికిని శాస్త్రజ్ఞులకును కావలసిన సున్నితపు పరికరములు ఆ దుకాణమున తయారగుచుండెను. ఒకనాడు అల్లికయంత్రము చేయదలచి వచ్చిన వారితో డేవిస్ మాటలాడుచు, అల్లిక యేల, కుట్టుయంత్రము చేసినచో కోటీశ్వరులగుదురు గదా యని నవ్వులాటకు అనెను. అన్నవాడు మఱచెను. మూలనుండి విన్న యిరువదేండ్ల కూలివాడు మఱువలేదు.

1841లో హౌ ఎలిజబెత్ అను కన్యను పెండ్లాడెను. వారమునకు 9 డాలర్ల జీతము. ముగ్గురు బిడ్డలు వెంటవెంటనే కలిగిరి. హౌ శరీరము అంతగా బలమైనది కాదు. సాయంకాలము పనినుండి వచ్చునప్పటికి అన్నముకూడ ముట్టక మంచముపై వ్రాలిపోవు దినము లెన్నియో యుండెడివి. జీతము చాలక ఎలిజబెత్ ఇరుగుపొరుగు బట్టలు తెచ్చి కుట్టుచుండెను. బిడ్డలు నిద్రించిన పిదప దీపము ముందు ఆమె చేయి పైకి క్రిందికి కదలుచుండగా హౌ పండుకొని చూచుచుండెడివాడు. నవ్వులాటకు అన్న డేవిస్ మాట ఆ రాత్రులలో ఆతనికి నిజమైన పనిగా మాఱెను.

తొలుత ఆతడు భార్య చేయి చేయు పనినే యంత్రముచేత చేయింపజూచెను. ఇక్కడనే దారి తప్పెను. రెండు కొనలును వాడిగా నుండి నడుమ బెజ్జముగల సూదిని చేసెను. అది బట్టలో ఈవలినుండి ఆవలికిని, ఆవలినుండి ఈవలికిని పోవలెనని ఆతని ఊహ. నెలల తరబడి పాటుపడినను కుట్టు నిలువలేదు. 1844లో ఆతనికి బుద్ధి వెలిగెను. యంత్రము మనిషి చేతిని అనుకరింపనేల? కుట్టు వేఱొక విధముగ పడినచో నేమి? ఒక దారమునకు బదులు రెండు దారములు వాడినచో నేమి?

విద్యార్థులు ఇచట కొంచెము నిలిచి ఆలోచింపవలెను. మొన దగ్గఱ బెజ్జముగల సూది బట్టలోనికి దిగునప్పుడు దారమును తనతో క్రిందికి తీసికొనిపోవును. మఱల కొంచెము పైకి లేచునప్పుడు ఆ దారము బట్ట క్రింద వదులై చిన్న ఉచ్చువలె నగును. సరిగా ఆ క్షణమున షటిల్, అనగా నేతగాని నాడెవంటి చిన్న పనిముట్టు, రెండవ దారముతో ఆ ఉచ్చులోనుండి దూరిపోవును. సూది పైకి లేచి దారమును బిగించును. రెండు దారములును బట్ట నడుమ పెనవేసికొనును. సూది ఒక్కమాఱును బట్టను పూర్తిగా దాటి ఆవలికి పోనక్కఱలేదు. బెజ్జము తలవైపు ఉన్నచో ఈ ఉచ్చు ఏర్పడుటకు సూది అంతయు బట్టలో మునుగవలసి వచ్చును. కనుక మొన దగ్గఱి బెజ్జమే కీలకము. మగ్గములు చేయు కర్మాగారమున పెరిగిన హౌకు నాడె క్రొత్తది కాదు. ఆతని గొప్పతనమంతయు సూదిని నాడెతో కలుపుటయందున్నది.

ఈ బెజ్జమునుగూర్చి ఆతని కుటుంబములో ఒక కల కథ పుట్టి లోకమంతట వ్యాపించినది. అడవిజాతివారు తన్ను చంపుటకు తెచ్చిన బల్లెముల మొనలలో రంధ్రములుండుట హౌ కలలో చూచెనట. కథ అందముగనే యున్నది. కాని నెలల విఫల ప్రయత్నమును ఒక్క రాత్రి కల మ్రింగివేయునట్లు చెప్పుట పాటుపడినవానికి న్యాయము కాదు.

1844 అక్టోబరు నాటికి కఱ్ఱతోను తీగతోను ఒక మోటు నమూనా సిద్ధమయ్యెను. ఇక ఉక్కుతో చేయవలెను. ఉక్కు కొనుటకు డబ్బు లేదు. బాల్యమిత్రుడు జార్జి ఫిషర్, కట్టెలు బొగ్గులు అమ్ముకొనువాడు, ముందుకు వచ్చెను. హౌ కుటుంబమునకు తన యింట తిండియు బసయు పెట్టి, పైగా 500 డాలర్లు ఇచ్చుటకు ఒప్పుకొనెను. అందుకు బదులు పేటెంటులో సగము భాగము ఆతనిది. ఫిషర్ ఇంటి అటకగదిలో హౌ ఆ చలికాలమంతయు పనిచేసెను. 1845 వసంతమున యంత్రము వరుసగా కుట్టు వేసెను. జూలైలో దానితో రెండు జతల ఉన్నిదుస్తులు కుట్టెను. ఒక జత ఫిషరుకు, ఒక జత తనకు.

ఆ యంత్రము నేటి మిషనువంటిది కాదు. సూది వంపుగా నుండి అడ్డముగా కదలును. బట్టను ముండ్లుగల పలకకు గ్రుచ్చి నిలువుగా వ్రేలాడదీయవలెను. పలక పొడవుమేర కుట్టిన పిదప ఆపి, బట్టను విప్పి మఱల గ్రుచ్చవలెను. అయినను నిమిషమునకు 250 కుట్లు వేయగలిగెను. బోస్టనులోని క్విన్సీ హాలు అను దుస్తుల కర్మాగారమున హౌ దానిని ప్రజలకు చూపెను. పది అతుకులు సిద్ధముచేసి, అయిదు తాను తీసికొని, కర్మాగారములోని అయిదుగురు నేర్పరులైన కుట్టుపని స్త్రీలకు ఒక్కొక్కటి ఇచ్చిరి. వారొక్కొక్క అతుకును ముగింపకముందే హౌ తన అయిదింటిని ముగించెను. పనియు వారిదానికంటె శుభ్రముగా నుండెనని న్యాయనిర్ణేతలు తీర్పు చెప్పిరి.

గెలిచెను గాని ఒక్క యంత్రమును ఎవరును కొనలేదు. ధర వందలాది డాలర్లు. పెద్ద కర్మాగారమునకు పదులకొలది యంత్రములు కావలెను. అంతకంటె పెద్ద కారణము భయము. సూదిపై బ్రతుకు వేలాదిమంది పొట్టకొట్టుట యగునని దర్జీలు అడ్డుచెప్పిరి. ఓడిన ఆ అయిదుగురు స్త్రీల పేర్లు చరిత్రలో లేవు. వారి కూలియు ఎలిజబెత్ కూలియు ఒక్కటే. భార్య శ్రమను తగ్గింపదలచినవాడు ఆమెవంటివారి జీవనమునకు ముప్పు తెచ్చెనేమో యన్న ప్రశ్న ఈ కథలో మొదటినుండియు ఉన్నది. దానిని దాచుట తగదు.

1846 సెప్టెంబరు 10వ తేదీన 4750 సంఖ్యగల పేటెంటు హౌ పేర వెలువడెను. అప్పటికి ఫిషర్ విసిగెను. రెండువేల డాలర్లవఱకు పోగొట్టుకొని, ఇక నావలన కాదని చేతులెత్తెను. ఆతనిని నిందింపరాదు. హౌ సంసారముతో తండ్రి పంచ చేరి కొంతకాలము రైలింజను నడిపెను. ఒడలు సహకరింపక ఆ పనియు మానెను. స్వదేశమున ఆదరణ లేదు గనుక ఇంగ్లండున నుండునేమోయని సోదరుడగు అమాసాను యంత్రముతో లండనుకు పంపెను.

లండనులో విలియం థామస్ అను వర్తకుడు స్త్రీల నడికట్టులు, గొడుగులు, సంచులు చేయించి అమ్ముచుండెను. ఆతడు 250 పౌండ్లకు ఆ యంత్రమును, ఇంగ్లండులో పేటెంటు హక్కుతోసహా కొనెను. అమ్ముడుపోవు ప్రతి యంత్రమునకు 3 పౌండ్లు ఇత్తునని నోటిమాట చెప్పెను గాని కాగితముపై వ్రాయలేదు, ఇయ్యనులేదు. నడికట్టులకు తగినట్లు యంత్రమును మార్చుటకై వారమునకు 3 పౌండ్ల జీతముపై హౌను పిలిపించెను. 1847లో హౌ ఓడ యెక్కెను. తరువాత భార్యాబిడ్డలును చేరిరి. ఎనిమిది నెలలలో పని ముగిసెను. పని ముగియుటతోనే యజమాని ముఖము మాఱెను, కొలువు పోయెను.

పరాయి దేశమున ముగ్గురు బిడ్డలతో, క్షయవ్యాధి పొడసూపిన భార్యతో ఆతడు పడిన పాట్లు వర్ణనాతీతములు. చార్లెస్ ఇంగ్లిస్ అను బండ్లు చేయు పనివాడు, తానును పేదవాడయ్యు, అప్పులిచ్చి ఆదుకొనెను. భార్యాబిడ్డలను ముందుగా స్వదేశమునకు పంపి, హౌ నాలుగవ యంత్రమొకటి చేసెను. 50 పౌండ్లు విలువచేయు దానిని 5 పౌండ్లకు అమ్ముకొనెను. ఓడ కూలికై తన మొదటి యంత్రమును, పేటెంటు పత్రములను తాకట్టుపెట్టెను. 1849 ఏప్రిలులో న్యూయార్కు రేవున దిగునప్పటికి ఆతని జేబులో అర్ధక్రౌను నాణెమొక్కటి మిగిలియుండెను.

ఒక యంత్రశాలలో పని దొరకినదో లేదో, కేంబ్రిడ్జిలో భార్య చావుబ్రతుకులలో నున్నదన్న వార్త వచ్చెను. ప్రయాణమునకు చేత పైకము లేదు. తండ్రి 10 డాలర్లు పంపినపిదప పోయి, ఎలిజబెత్ కన్నుమూయుటకు కొంచెము ముందుగా చేరగలిగెను. అంత్యక్రియలకు కట్టుకొనదగిన దుస్తులు లేక బావమఱది కోటును అడిగి తొడుగుకొనెను. లోకమునకెల్ల దుస్తులు కుట్టు యంత్రమును చేసినవాని స్థితి అది. ఆ వెంటనే, ఇంగ్లండునుండి తన యింటిసామానులు తెచ్చుచున్న ఓడ కాడ్ అగ్రము చెంత మునిగెనన్న వార్త వచ్చెను. సమీపమున నున్నవారు ఆ దినములలో హౌ ముఖము చూచి ముదుసలి యయ్యెనని తలంచిరట. అప్పటికాతనికి ముప్పదియేండ్లు నిండలేదు.

ఇంతలో వింత యొకటి జరిగెను. తాను విదేశమున నున్నప్పుడు అమెరికాలో కుట్టుయంత్రములు పుట్టుకొనివచ్చెను. వానిలో అనేకము మొన దగ్గఱ బెజ్జముగల సూదితోను, షటిలుతోను పనిచేయుచుండెను. ప్రదర్శనలలో రుసుము పుచ్చుకొని చూపుచుండిరి. ఎవరును హౌ పేరెత్తలేదు. హౌ లండనులోని తాకట్టును విడిపించి పత్రములను తెప్పించుకొనెను. తండ్రి తన పొలమును కుదువబెట్టెను. కుంటికాలి కూలివాడు న్యాయస్థానపు మెట్లెక్కెను.

ప్రతివాదులలో ముఖ్యుడు ఐజాక్ మెరిట్ సింగర్. 1811లో పుట్టిన ఈతడు నాటకములాడినవాడు, యంత్రవిద్య నెఱిగినవాడు, మాటకారి. 1850లో బోస్టనులో మరమ్మతుకు వచ్చిన యొక కుట్టుయంత్రమును చూచి దాని లోపములను కనుగొనెను. సూదిని నిటారుగా నిలిపెను. బట్టను సమతలమైన బల్లపై పఱచెను. దానిని అదిమిపట్టు పాదమును, కాలితో త్రొక్కు పలకను అమర్చెను. 1851 ఆగస్టు 12న పేటెంటు పొందెను. ఇవి స్వల్పములు కావు. నేడు మనయింట మిషను ఈ రూపమున నుండుటకు సింగరే చాలవఱకు కారణము. వాయిదాలపై మిషనులమ్ము పద్ధతిని ఆతని భాగస్వామియగు న్యాయవాది ఎడ్వర్డు క్లార్కు ప్రవేశపెట్టి, దానిని పేదవారి గుమ్మము త్రొక్కించెను. కాని మొన దగ్గఱి బెజ్జము సింగరుది కాదు.

హౌ వాదమును త్రోసిపుచ్చుటకు సింగర్ పక్షమువారు వాల్టర్ హంట్ అను వృద్ధశిల్పిని వెదకి తెచ్చిరి. 1834 ప్రాంతమున, హౌ ఇంకను బాలుడై యున్నప్పుడే, హంటు న్యూయార్కులో మొనబెజ్జపు సూదితో రెండుదారముల కుట్టు వేయు యంత్రమును చేసియుండెను. నేడు మనము వాడు పిన్నీసును కనుగొన్నవాడును ఈతడే. కాని హంటు తన యంత్రమునకు పేటెంటు కోరలేదు. కుట్టుపని చేసికొని బ్రతుకు స్త్రీలకు కూడు పోవునని ఆతని కుమార్తె వారించినదని చెప్పుదురు. తొలుత చేసినవాడు దానిని విడిచిపెట్టెను. హౌ తానై మఱల కనుగొని, పనిచేయునట్లు చేసి, లోకము ముందుంచెను. 1854లో న్యాయస్థానము హౌ పక్షమున తీర్పు చెప్పెను. సింగర్ 15,000 డాలర్లు చెల్లించెను. 1856లో ముఖ్య తయారీదారులందఱు వ్యాజ్యములు మాని, తమ పేటెంటులను ఒక్కచోట చేర్చి ఒప్పందము చేసికొనిరి. ప్రతి యంత్రమునకు హౌకు 5 డాలర్లు. 1860లో పేటెంటు ఏడేండ్లు పొడిగింపబడిన పిదప 1 డాలరు. 9 డాలర్ల వారపుజీతగాడు సుమారు 20 లక్షల డాలర్లు గడించెను.

ధనము వచ్చెను; దానిని ఎవరికొఱకు కోరెనో ఆమె లేదు. చేతికందినది నోటికందలేదన్న మన సామెత ఇట్టివారిని చూచియే పుట్టినదేమో!

సంపద హౌను మార్చలేదు. 1862లో అంతర్యుద్ధకాలమున, బానిసత్వమును నిర్మూలించిన ఉత్తరాది పక్షమున, కనెక్టికట్ 17వ పటాలములో సామాన్య సిపాయిగా చేరెను. నడువలేనివాడగుటచేత పటాలపు తపాలాను గుఱ్ఱముపై తెచ్చి పంచు పని తీసికొనెను. ప్రభుత్వము నెలలతరబడి జీతములీయనప్పుడు పటాలమున కంతకును తన సొంతధనమునుండి జీతములు చెల్లించెనని చెప్పుదురు. 1867లో పారిస్ మహాప్రదర్శనమున బంగారు పతకమును, ఫ్రాన్సు ప్రభుత్వపు గౌరవ చిహ్నమును పొందెను. ఆ సంవత్సరమే సెప్టెంబరు 10న ఆతని పేటెంటు గడువు తీరెను. అక్టోబరు 3న బ్రూక్లిన్ నగరమున ఆతడు మరణించెను. వయస్సు 48 ఏండ్లు. హక్కును యజమానియు మూడు వారముల యెడముతో ముగిసిరి. అటుపిమ్మట మొన దగ్గఱి బెజ్జము లోకమునకంతకును ఉమ్మడి సొత్తయ్యెను.

దర్జీల భయము నిజమయ్యెనా? ఈ ప్రశ్నకు ఒక్కమాటలో జవాబు లేదు. హౌకు పూర్వమే, 1830లో, ఫ్రాన్సులో బార్తెలెమీ తిమోన్యే అను దర్జీ ఒక దారపు కుట్టుయంత్రమునకు పేటెంటు పొంది, సుమారు 80 యంత్రములతో సైనికుల దుస్తులు కుట్టించుచుండెను. 1831లో దర్జీలు గుంపుగా వచ్చి వానిని పగులగొట్టిరి. ఆతడు 1857లో పేదవాడుగనే మరణించెను. కుట్టుమిషను వచ్చిన తరువాత పడమటి నగరములలో దుస్తులు చౌకయయ్యెను గాని, కర్మాగారములలో కుట్టు స్త్రీల కూలి చిరకాలము పెరుగలేదు. మిషను యజమాని చేతనున్నచో ఒక ఫలము, కుట్టుదాని చేతనే యున్నచో మఱొక ఫలము. మన దేశమునకు 19వ శతాబ్ది చివరి పాతికలో సింగర్ మిషనులు రాసాగెను. 1885లో స్కాట్లండులోని క్లైడుబ్యాంకులో వెలసిన పెద్ద కర్మాగారమునుండి అవి ఓడలలో దిగెను. మన యూళ్ళలో అవి చాలవఱకు దర్జీ అరుగుపైనను, ఇంటి వసారాలోను చేరెను. దానివలన మేరవారు చేతిసూది నుండి మిషనుకు మాఱిరే గాని వృత్తిని కోల్పోలేదు. భర్తలేని స్త్రీ యెవరి గడపయు త్రొక్కక బిడ్డలను పెంచుకొనుటకు ఈ నల్లని మిషను తోడ్పడిన ఇండ్లు తెలుగునాట ఎన్ని లేవు! మహాత్ముడు దీనిని మెచ్చుకొనుటకు కారణము ఇదియే గదా.

మూడవ మాఱు నేను పోయినప్పుడు మిస్త్రీ పని ముగించి యుండెను. మిషను అడుగున సన్నని పడవవంటి షటిల్ ముందుకు వెనుకకు ఊగుచుండెను. తరువాతివానిలో షటిల్ గుండ్రముగా తిరుగును. ఇట్లు నాడెవలె ఊగు పాతది హౌ యూహకు మిక్కిలి దగ్గఱి చుట్టము. చేతిపిడిని త్రిప్పగా చప్పుడులేక కదలెను. ఒక గుడ్డపేలికపై కుట్టు ముత్యములవలె పడెను. బంగారువన్నె చిత్రములలో కుడివైపు కొంతమేర చెఱిగియుండెను. బట్టను త్రోయుచు మా తల్లిగారి ముంజేయి ఒఱసికొన్న చోటది. దానికి క్రొత్తరంగు వేయింతునా యని నేనడిగితిని. త్రుప్పును తీయవలెను గాని వాడుక గుర్తును తీయరాదని మిస్త్రీ తల యూపి కాదనెను.

ఒక మనిషి చరిత్రమును చెప్పునప్పుడును ఇదియే పాటింపదగిన నియమమని నాకు తోచినది. మిషనుపై సింగర్ పేరున్నది, ఉండవలసినదే. లోపల విప్పి చూచినచో హౌ ఉన్నాడు. ఆతని వెనుక హంటు, ఆయన కుమార్తె, తిమోన్యే ఉన్నారు. ఫిషర్ పెట్టిన తిండి, ఇంగ్లిస్ ఇచ్చిన అప్పు, తండ్రి కుదువబెట్టిన పొలము ఉన్నవి. దీపము ముందు కదలిన ఎలిజబెత్ చేయి ఉన్నది.

ఉపాధ్యాయ మిత్రులకు నాదొక మనవి. తరగతికి పోవునప్పుడు ఒక చేతిసూదిని, ఒక మిషను సూదిని వెంట తీసికొనిపొండు. రెంటికి భేదమేమని పిల్లలను అడుగుడు. నావలె తడబడువారు కొందఱుందురు. వెంటనే జవాబు చెప్పక, వారిచేతనే కనిపెట్టింపుడు. ఇంటిలో అటకపై పాత మిషను ఉన్నవారిని దానిని దింపి చూడుమనుడు. చక్రము బిగిసియున్నచో బలిమితో త్రిప్పవలదని మాత్రము ముందుగా చెప్పుడు.